ఆంగ్ల క్రియల పుట్టుక – 7వ పాఠం: షాంపూ

పోయినసారి 'బాయ్‌కాట్' పుట్టుకను మీరే కనుక్కోమని వదిలేయడం నా పొరపాటు. వచ్చిన జవాబుల్లో చాలావరకు ఆ మాటను 'బాయ్', 'కట్' అని రెండు ముక్కలు చేసి, కుర్రవాణ్ణి జట్టులోంచి కత్తిరించడమని తేల్చాయి. నిజానికి అది ఒక ఇంటిపేరు. 1880లో ఐర్లండులోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ భూములకు ఏజెంటుగా ఉన్న కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్, కౌలు తగ్గించమన్న రైతులను వెళ్ళగొట్టబోయినప్పుడు, కూలీలు అతని పొలంలో దిగడం మానేశారు, దుకాణాలవారు సరుకు అమ్మడం మానేశారు. ఆ వెలికి అతని పేరే క్రియ అయింది.

ఈ పాఠంలోని 'షాంపూ'కు కూడా అదే గతి పట్టకూడదు. పేలను చంపుతుంది కనుక షాంపూ అయిందని ఒకరు అప్పుడే రాసి పంపారు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. మాట అచ్చులో తొలిసారి కనిపించిననాడు దాని అర్థమేమిటో, అది ఎవరి నోటినుంచి ఎవరి చెవిన పడిందో చూడాలి. 1762 నాటికి ఆంగ్లంలో షాంపూ అంటే ఒళ్ళు పట్టడం. అందులో జుట్టూ లేదు, నురగా లేదు, పేలు అసలే లేవు. హిందీలో 'చాంప్‌నా' అంటే నొక్కడం, 'చాంపో' అంటే నొక్కు అని ఆజ్ఞ. దొరల చెవిన పడినదీ, వారు నౌకర్లతో అన్నదీ ఎక్కువగా ఆజ్ఞలే కనుక, ఆ రూపమే వారికి ధాతువైపోయింది. బనావో నుంచి 'బునౌ', లగావో నుంచి 'లగౌ' అనే క్రియలు కూడా ఇక్కడి ఆంగ్లేయుల భాషలో ఇలాగే పుట్టాయి.

పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల నడిపి, రోగిని ఆవిరి పట్టే ఫ్లానెల్ డేరాలో కూర్చోబెట్టి, డేరాకు కుట్టిన చేతుల తొడుగుల్లోంచి బయటివారు ఒళ్ళు రుద్దేలా ఏర్పాటు చేశాడు. నాలుగవ జార్జి రాజుకు 'షాంపూయింగ్ సర్జన్' కూడా అయ్యాడు. తల రుద్ది కడగడమనే అర్థం 1860 ప్రాంతంలో గాని రాలేదు.

ఉచ్చారణ మీకు తెలిసినదే.

అభ్యాసం: తలకు నూనె అంటడమే తలంటు అయినా, నూనె చుక్క తగలనివారు కూడా నేడు తలంటుకున్నామంటున్నారు. ఈ మార్పునూ షాంపూ మార్పునూ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ దారి మళ్ళిందో ఒక పుటలో రాయండి. నిఘంటువు చూడకుండా ముందు ఒకసారి, చూసిన తరువాత మరొకసారి.