సస్టైనబిలిటీ కన్సల్టింగ్ టీమ్‌కు రిట్రీట్ ఎలా ఏర్పాటు చేయాలి?

ఒకే క్లయింటు డేటాను ఇద్దరు అనలిస్టులకు ఇచ్చి ఉద్గారాల (ఆ సంస్థ వల్ల గాలిలోకి చేరి భూమిని వేడెక్కించే వాయువుల) లెక్క కట్టమంటే చాలాసార్లు రెండు అంకెలు వస్తాయి. ఎవరూ తప్పు చేసి ఉండరు. బిల్లు దొరకని నెలను ఒకరు మిగతా నెలల సగటుతో పూరిస్తారు, ఇంకొకరు కిందటేడు అదే నెల వాడకాన్ని తీసుకుంటారు. ఈ పని నిండా ఇలాంటి చిన్నచిన్న నిర్ణయాలే. తలో ఊళ్లో ఉండి పనిచేసే టీమ్‌లో వీటి గురించి మాట్లాడుకునే సందర్భమే రాదు. వీడియో కాల్ పెట్టుకుంటే క్లయింటు గడువు గురించే సరిపోతుంది. రిట్రీట్ పేరుతో అందరూ రెండు రోజులు ఒకచోట కూర్చోవాల్సింది ఈ నిర్ణయాల కోసమే. అక్కడ టీమ్‌కు బలం వచ్చేది కూడా కలిసి లెక్కలు విప్పి చూసుకున్నప్పుడే. ఆటపాటలు ఆ తర్వాతి మాట.

1. ఎనిమిది వారాల ముందు ప్రశ్నలు సేకరించండి

పేరు రాయనక్కర్లేని ఫారం ఒకటి అందరికీ పంపండి. మూడే ప్రశ్నలు: గత ఆరు నెలల్లో ఏ నిర్ణయం దగ్గర ఎక్కువసేపు ఆగిపోయారు? రివ్యూలో వెనక్కి వచ్చిన పని ఏది, ఎందుకు? క్లయింటు అడిగినవాటిలో ఏ వాక్యం రాయడానికి మనసొప్పలేదు? మూడో దానికి జవాబులు తక్కువే వస్తాయి, వచ్చినవి మాత్రం బరువైనవి. అన్నీ చదివి రెండు అంశాలే తీసుకోండి. రెండు రోజుల్లో ఐదు అంశాలు పెట్టుకుంటే ఐదూ సగంలోనే ఆగిపోతాయి.

2. చోటును లెక్కతో ఎంచుకోండి

ఇతరుల ప్రయాణాల లెక్క కట్టే టీమ్ తన ప్రయాణం లెక్క కట్టకుండా బయలుదేరకూడదు. స్ప్రెడ్‌షీట్‌లో అడ్డంగా మూడు నాలుగు ఊళ్లు, నిలువుగా మనుషుల పేర్లు పెట్టండి. ఒక్కో గడిలో దూరం, రైలా బస్సా విమానమా, ఆ వాహనానికి ఒక మనిషికి కిలోమీటరుకు ఉన్న ఎమిషన్ ఫ్యాక్టర్ (ఎన్ని కిలోల ఉద్గారాలు అన్న అంకె). గుణించి, రాకపోకలకు రెట్టింపు చేసి కూడండి. విమానం ఉంటే ఎత్తులో ఏర్పడే అదనపు వేడి ప్రభావాన్ని కలిపారో లేదో పక్కనే రాయండి. ఉద్గారాల లెక్కకు సంస్థలు పాటించే జీహెచ్‌జీ ప్రోటోకాల్ ప్రకారం ఈ ప్రయాణం స్కోప్ 3లో (సంస్థ పని వల్ల బయట పుట్టే పరోక్ష ఉద్గారాల్లో) ఆరో కేటగిరీ, అంటే మీ సంస్థ సొంత లెక్కలోకి వస్తుంది. ఆఫ్‌సెట్లు (ఇంకెక్కడో ఉద్గారాలు తగ్గించినందుకు డబ్బిచ్చి కొనే క్రెడిట్లు) కొన్నా వాటిని ఈ అంకెలోంచి తీసివేయకండి, విడిగా చూపండి.

మొత్తం తక్కువ వచ్చిన ఊరే సరైనదని కాదు. ఒక్కరి మీదే పదిహేను గంటల ప్రయాణం పడుతుంటే ఆ మనిషి మొదటి రోజంతా నిద్రమత్తులోనే ఉంటారు. కిలోల పక్కన గంటల వరుస కూడా ఉండాలి.

3. రెండు రాత్రులు, మధ్యలో ఒక నిండు రోజు

వచ్చిన సాయంత్రం పని పెట్టకండి. స్క్రీన్ మీదే పరిచయమైన వాళ్లకు మామూలు కబుర్లు చెప్పుకునే సమయం కావాలి. అది ఇవ్వకపోతే మర్నాడు చర్చలో పాతవాళ్లే మాట్లాడతారు. బరువైన పని మర్నాడు ఉదయానికి, మిగిలిన అంశం మధ్యాహ్నానికి. మూడో రోజు ఉదయం నిర్ణయాలు రాసుకుని, భోజనం చేసి బయలుదేరడమే.

4. ఒకే డేటా, మూడు లెక్కలు

రిట్రీట్ మొత్తంలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. కల్పిత కంపెనీ ఒకటి తయారు చేయండి: నలభై వరుసల కొనుగోళ్ల జాబితా, పది నెలల కరెంటు బిల్లులు (రెండు నెలలవి కావాలనే తీసేయండి), పునరుత్పాదక విద్యుత్ సర్టిఫికెట్లు (అంత కరెంటు ఎండ, గాలి లాంటి వాటి నుంచి వచ్చిందని చూపే పత్రాలు), కొంత మీథేన్ లీకు, బరువు రాయని లారీ రవాణా బిల్లులు. ముగ్గురేసి చొప్పున గుంపులు చేయండి. ప్రతి గుంపులో కొత్తగా చేరినవారు ఒకరు ఉండాలి, కీబోర్డు వాళ్ల చేతిలోనే ఉండాలి. తొంభై నిమిషాల పాటు గుంపుల మధ్య మాటలు వద్దు. చివర్లో ప్రతి గుంపూ మొత్తం అంకెనూ, దాని కింద తాము అనుకున్నవన్నీ ఒక్కో చీటీ మీద ఒక్కొక్కటిగా గోడకు అంటించాలి.

ఆ తర్వాత గంటసేపు గోడ ముందు నిలబడి తేడాలు వెతకండి. మీథేన్‌నే చూడండి. అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్ని రెట్లు వేడి పెంచుతుందన్న అంకెతో గుణించి, దాన్ని కార్బన్ డయాక్సైడ్ టన్నుల్లోకి మారుస్తారు. పది టన్నుల లీకును ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం) నాలుగో నివేదికలోని 25తో గుణిస్తే 250 టన్నులు, ఐదో నివేదికలోని 28తో గుణిస్తే 280. లీకు అదే, తేడా ముప్పై టన్నులు. కరెంటు దగ్గర తేడా ఇంకా పెద్దది: గ్రిడ్ సగటుతో కట్టిన గుంపుకు పెద్ద అంకె, సర్టిఫికెట్లు లెక్కలోకి తీసుకున్న గుంపుకు దాదాపు సున్నా. ఇలాంటి చోట రెండూ చూపాలని 2015 నాటి స్కోప్ 2 (కొన్న కరెంటు ఉద్గారాల) మార్గదర్శకాలు చెబుతాయి. తొందరలో ఒకటే రాసి వదిలేసిన గుంపు అక్కడే దొరుకుతుంది. కొనుగోళ్లలో చూడాల్సింది ధరల సంవత్సరం. పాత ఏడాది ధరల మీద తయారైన ఫ్యాక్టర్‌ను (ఖర్చు పెట్టిన రూపాయికి ఇన్ని ఉద్గారాలు అని చెప్పే అంకెను) ఈ ఏడాది ఖర్చుతో నేరుగా గుణిస్తే, ధరలు పెరిగినంత మేరా లేని ఉద్గారాలు పుట్టుకొస్తాయి.

ఎక్కువగా చెడేది ఇక్కడే: సీనియర్ ముందే నోరు తెరిచి సరైన జవాబు చెప్పేస్తారు. చీటీలను జూనియర్లే చదవాలి, సీనియర్లు చివర మాట్లాడాలి అని ముందే నియమం పెట్టండి. "ఎవరిది తప్పు" అన్న మాట రానివ్వకండి. "ఇక మీదట మనం ఏది వాడదాం" అన్నదే ప్రశ్న.

5. కాదని చెప్పడం సాధన చేయండి

ఫారంలో మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులు ఇప్పుడు పనికొస్తాయి. ఒకరు క్లయింటు మార్కెటింగ్ మేనేజరు, ఒకరు కన్సల్టెంటు, ఒకరు చూసి రాసుకునేవారు. ఆఫ్‌సెట్లు కొన్నాం కాబట్టి ఉత్పత్తిని "కార్బన్ న్యూట్రల్" (నికరంగా ఉద్గారాలు సున్నా) అనాల్సిందేనని మేనేజరు పట్టుబడతారు. పది నిమిషాలకోసారి పాత్రలు మార్చండి. ఇది ఊహలో చిక్కు కాదు: యూరోపియన్ యూనియన్ 2024/825 డైరెక్టివ్ సరిగ్గా ఇలాంటి ప్రకటనలనే నిషేధించింది, 2026 సెప్టెంబరు 27 నుంచి అమలు. కాదన్నాక బదులుగా ఏ వాక్యం ఇవ్వగలమో అక్కడికక్కడే రాసుకోవాలి. ఒంటరిగా క్లయింటు ఎదుట కూర్చున్న జూనియర్‌కు, తన వెనక టీమ్ నిలబడుతుందన్న ధైర్యం ఈ గంటలోనే వస్తుంది.

6. బయలుదేరే ముందు రాసుకోవాల్సినవి

ప్రతి నిర్ణయానికీ నాలుగు గడులు చాలు: ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏ తేదీ నుంచి, ఎవరు చూసుకుంటారు. మినహాయింపు ఎప్పుడో కూడా ఆ "ఎందుకు" గడిలోనే రాయండి. ఫొటో తీసిన చీటీల గుట్ట దీనికి సాటి రాదు, నెల తర్వాత వాటిని ఎవరూ తెరవరు.

ముప్పయ్యో రోజున నడుస్తున్న ప్రాజెక్టు ఫైలు ఒకటి తెరిచి చూడండి. రాసుకున్న మీథేన్ విలువ, ధరల సంవత్సరం అందులో ఉన్నాయా? లేకపోతే ఆ మనిషిని నిలదీయకండి, ముందు టెంప్లేటు తెరవండి. చాలాసార్లు పాత అంకె అందులోనే ఉండిపోయి ఉంటుంది.