ఎడారిలో చెమట కనపడదు

కువైట్‌లో మేకల మంద దగ్గర పనికి పోయే తమ్ముళ్ల కోసం ఇది. మాది రాయచోటి వైపు. ఎండలు మనకేం కొత్తా అనుకుని వెళ్లాను. మొదటి జూలైలోనే కళ్లు తిరిగి పడిపోయాను. అక్కడి మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది, అదీ నీడలో కొలిచిన లెక్క!

మన ఊళ్లో చెమట పడితే చొక్కా తడుస్తుంది. అక్కడి పొడిగాలికి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలే మిగులుతాయి. అందుకే దాహం కోసం చూడొద్దు. ఫోన్‌లో 20 నిమిషాలకోసారి అలారం పెట్టుకుని గ్లాసెడు తాగండి. నీరసంగా ఉంటే లీటరు నీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. ఉప్పు అంతకు మించితే వాంతులే. తోటివాడు పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడలోకి లాగి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 112కు ఫోన్ చేయండి.

నీళ్ల క్యాన్‌కు తడి గోనెసంచి చుట్టి గాలి తగిలేచోట పెట్టండి, చల్లబడతాయి. ఆగస్టులో ఉక్కపోత గాలి తిరిగితే మాత్రం ఈ ఉపాయం పారదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ రూలుంది. మంద దగ్గరికి వచ్చి చూసేవాళ్లెవరు? నాకు గడియారం దబ్బు. అదో లావుపాటి ఉడుము లాంటి జంతువు, తోకంతా ముళ్లు. పొద్దున బొరియ ముందు నల్లగా పడుకుని ఉంటుంది, ఒళ్లు కాగేకొద్దీ పసుపుపచ్చగా తేలుతుంది. అది లోపలికి దూరిందంటే నేనూ గుడారంలోకి పోయేవాణ్ణి. మేత, నీళ్లు అన్నీ ఆలోపే.

బూట్లు దులపకుండా తొడగొద్దు. నీలం వెలుగు యూవీ టార్చి ఒకటి కొనుక్కోండి, రాత్రిపూట దాని కింద తేళ్లు పచ్చగా మెరుస్తాయి. ఇసుకలో ఇనుప ముక్క కనిపిస్తే తాకొద్దు, 1990-91 యుద్ధం నాటి పేలుడు సామాను ఇంకా దొరుకుతూనే ఉంటుంది.

పచ్చడి సీసా ఒకటి తగ్గినా సరే, స్వెటర్ మరవొద్దు. అది లేకే తొలి జనవరి రాత్రులు నేను మేకల మధ్య దూరి పడుకున్నాను.