పాత ఎంజీబీతో సావాసం – 5వ పాఠం: జంట కార్బ్యురేటర్లను చెవితో కుదర్చడం

గత పాఠంలో వాల్వ్ గ్యాప్‌లు 0.38 మిల్లీమీటర్లకు సరిచేశాం, పాయింట్లు, టైమింగ్ (ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టే సమయం) కూడా చూసేశాం. ఆ పనులు చేయకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు దయచేసి వెనక్కి వెళ్లండి. టైమింగ్ తప్పిన ఇంజిన్‌కు కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు పంపే పరికరం) ఎంత తిప్పినా దారికి రాదు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఎంజీబీ అనే ఈ స్పోర్ట్స్ కారు 1962లో ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో మొదలైంది. దాదాపు తొలి పదేళ్ల బళ్లకు ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్4 మోడల్ కార్బ్యురేటర్లు రెండు వచ్చాయి. ఈ పాఠం వాటి గురించే. 1975 తర్వాతి అమెరికా మోడల్ కొన్నవాళ్ల బానెట్ కింద ఒకటే జెనిత్-స్ట్రామ్‌బర్గ్ కార్బ్యురేటర్ ఉంటుంది. దాని పద్ధతి వేరు, ఇక్కడ చెప్పిన కొలతలు దానికి పనికిరావు.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఇంజిన్ 1798 సీసీ, శక్తి 95 హార్స్‌పవర్. ఇవాళ్టి మామూలు ఫ్యామిలీ కారు కూడా సిగ్నల్ దగ్గర దీన్ని దాటేసి పోతుంది. వేగం కోసమే కొన్నవాళ్లు త్వరగానే అమ్ముకుంటారు. ఉంచుకునేవాళ్లను పట్టి ఉంచేది వేరే: నట్టును కాస్త తిప్పితే ఇంజిన్ శబ్దం అప్పటికప్పుడే మారుతుంది, ఆ తేడా రోడ్డు మీద కాలికి తెలుస్తుంది. కంప్యూటర్ చూసుకునే కార్లలో ఆ సరదా లేదు. మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా, ఎంజీబీ ఇంజిన్‌లాగే, బీ-సిరీస్ అనే ఇంజిన్ల కుటుంబానిదే. మీ ఊళ్లో పాత అంబాసిడర్ మెకానిక్ ఎవరైనా ఉంటే ఈ ఇంజిన్ ఆయనకు కొత్త కాదు.

ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. స్కిన్నర్లది చెప్పుల వ్యాపారం చేసిన కుటుంబం. వాళ్ల తొలి కార్బ్యురేటర్‌లో పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేదంటే ఆశ్చర్యమేముంది! సూత్రం మాత్రం అదే. ఇంజిన్ ఎంత గాలి పీలిస్తే కార్బ్యురేటర్ లోపలి పిస్టన్ అంత పైకి లేస్తుంది. దాని అడుగున ఉన్న సన్నని సూది జెట్‌లోంచి (పెట్రోల్ వచ్చే రంధ్రం) పైకి వస్తుంది. సూది కింది కొన వైపు సన్నబడుతుంది కాబట్టి, పైకి లేచేకొద్దీ సందు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఒకే సూది, ఒకే జెట్.

ముందు శుభ్రం చేయండి. ఎయిర్ ఫిల్టర్లు తీసేయండి. పైనున్న గుమ్మటం లాంటి మూత, పిస్టన్ జతగా తయారైనవి, కాబట్టి ముందు కార్బ్యురేటర్‌వి వెనకదానికి పెట్టొద్దు. లోపల పెట్రోల్ గుడ్డతో తుడిచి పొడిగా ఉంచండి. బిగించాక పిస్టన్‌ను వేలితో లేపి వదిలితే టక్కుమని కింద పడాలి. తర్వాత డ్యాంపర్‌లో (పిస్టన్ ఒక్కసారిగా లేవకుండా ఆపే భాగం) 20 గ్రేడ్ ఇంజిన్ ఆయిల్, లోపలి బోలు కడ్డీ అంచుకు 13 మిల్లీమీటర్ల పైదాకా పోయండి. ఆయిల్ లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఎగిరిపోతుంది, గాలి ఎక్కువై బండి ఒక్క క్షణం తడబడుతుంది. పికప్ లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఇక ఇంజిన్ బాగా వేడెక్కాలి. పని ఆరుబయటే చేయండి, మూసిన షెడ్డులో సైలెన్సర్ పొగ ప్రాణం తీస్తుంది. చొక్కా చేతులు మడవండి, ఫ్యాన్ ఎదురుగానే తిరుగుతుంటుంది. మెట్రిక్ పానాలు ఈ బండికి సరిగ్గా పట్టవు, అంగుళాల సెట్టు తీసుకోండి.

రెండు కార్బ్యురేటర్లను కలిపే కడ్డీల క్లాంపులు లూజ్ చేయండి. అరమీటరు రబ్బరు ట్యూబు ఒక కొన చెవి దగ్గర, రెండో కొన కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టండి. బుస్సుమని గాలి శబ్దం వినిపిస్తుంది. రెండింటి దగ్గరా అది ఒకేలా వినిపించేదాకా ఐడ్లింగ్ స్క్రూలు తిప్పండి. దీనికి మీటర్లు అమ్ముతారు, నా మాట వింటే మొదట ట్యూబుతోనే నేర్చుకోండి.

అసలు పని ఇప్పుడు. జెట్ కింద ఆరు పలకల నట్టు ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు ఇంజిన్ ఆపి, జెట్‌ను పైకి, లోపలి గట్టుకు సమంగా తెచ్చి, అక్కడి నుంచి రెండు పూర్తి చుట్లు కిందికి తిప్పి మొదలుపెట్టండి. కిందికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది, పైకి తిప్పితే తగ్గుతుంది. ఒక్కసారికి ఒక్క పలకే, మొదట రెండు నట్లూ సమంగా.

పరీక్షకు కార్బ్యురేటర్ పక్కనున్న చిన్న పిన్‌తో పిస్టన్‌ను 0.8 మిల్లీమీటర్లు మాత్రమే లేపండి. ఇంజిన్ స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ. వెంటనే పడిపోతే తక్కువ. కాస్త పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయింది. సైలెన్సర్ కూడా చెబుతుంది: పెట్రోల్ తక్కువైతే లయ లేకుండా చిందరవందరగా మిస్సింగ్ కొడుతుంది, ఎక్కువైతే మిస్సింగ్ ఒక లయలో వస్తూ నల్లపొగ కనిపిస్తుంది. ఒక కార్బ్యురేటర్‌ను మారిస్తే రెండోదాని తీరు మారుతుంది, కాబట్టి ఇటు అటు కొన్నిసార్లు తిరగక తప్పదు. విసుగొస్తే టీ తాగి రండి, కానీ ఇంజిన్ చల్లారితే మళ్లీ వేడి చేయాలి.

చివరగా క్లాంపులు బిగించండి. రెండు థ్రాటిళ్లూ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపులు) ఒకే క్షణంలో తెరుచుకోవాలి. 1500 ఆర్‌పీఎం దగ్గర పట్టి మరోసారి ట్యూబుతో వినండి. అక్కడ తేడా వస్తే క్లాంపులు మళ్లీ సరిచేయాలి.

హోంవర్క్: ఖాళీ రోడ్డు మీద అరగంట నడిపి, ఇంజిన్ చల్లారాక నాలుగు ప్లగ్గులూ తీసి వరసగా పెట్టండి. 1, 2 ముందు కార్బ్యురేటర్‌వి, 3, 4 వెనకదానివి. లేత గోధుమ రంగు ఉంటే మంచిది. మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. రంగులు రాసి పెట్టుకోండి. పిస్టన్ టక్కుమనకుండా ఇరుక్కునే బళ్లకు జెట్‌ను మధ్యకు తేవడం 6వ పాఠంలో.