సదరం కోసం ఆగకండి: విజయనగరం జిల్లా తల్లులకు నేను చెప్పే దారి

మాది నెల్లిమర్ల. మా ఆయన జూట్ మిల్లులో పనిచేస్తారు, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మా పాపకి ఇప్పుడు 12 ఏళ్ళు. మూడేళ్ళు దాటాక నడిచింది, ఐదో ఏట ‘అమ్మ’ అంది. బుద్ధి ఎదుగుదల తక్కువ అని డాక్టర్లు రాశారు, సదరంలో, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సర్కారు పరీక్షలో, 75 శాతం వచ్చింది. ఈ మధ్య మా వీధి చివరి ఇంటి అమ్మాయి రెండున్నరేళ్ళ బాబుని చంకనేసుకుని వచ్చి, “అక్కా, వీడు పిలిస్తే తిరిగి చూడడు, ఏం చెయ్యాలి?” అని అడిగింది. ఆ రోజు ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. మేము రెండేళ్ళు ఊరికే పోగొట్టుకున్నాం. సదరం సర్టిఫికెట్ వస్తేగానీ ఏ పనీ జరగదని ఎవరో చెప్తే నమ్మి కూర్చున్నాం. అది నిజం కాదు. పిల్లని డాక్టరుకి చూపించడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. థెరపీ మొదలుపెట్టడానికి అక్కర్లేదు. బడిలో చేర్చడానికి అసలే అక్కర్లేదు. పింఛనుకీ, రాయితీలకీ కావాలి. ఆ కాగితం పని ఒక పక్కన నడుస్తుంటే, ఈ పనులన్నీ ఇంకో పక్కన నడవాలి.

ముందు చెవులు చూపించండి

నాలుగైదు నెలలకి మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకి సాయం లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకి నడవకపోయినా, రెండేళ్ళు నిండాక ‘అమ్మా రా’, ‘పాలు కావాలి’ అని రెండు మాటలు కలపకపోయినా చూపించాల్సిందే. ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. “ఓలమ్మా, గుంటకి అప్పుడే మాటలు రావడానికి తొందరేటి, ఆళ్ళ నాన్నకీ ఆలీసంగానే వచ్చాయి” అంటారు. మా అత్తమ్మ ప్రేమతోనే అన్నారు. నేనూ ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. చూపించాక ఏమీ లేదని తేలితే మంచిదే కదా, ఒక రోజు కూలి పోతుంది, అంతే.

మీ అంగన్‌వాడీ టీచర్‌నో, ఏఎన్‌ఎంనో అడగండి. ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. దాని టీమ్ అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకి ఒకసారి రావాలి. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకు చూస్తారు. అనుమానం ఉంటే జిల్లా ఆసుపత్రి దగ్గరుండే డీఈఐసీకి, అంటే చిన్నపిల్లల లోపాలని ముందే పట్టి చికిత్స చేసే కేంద్రానికి, రాసిస్తారు. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపీ, మాటల థెరపీ, వినికిడి పరీక్ష అన్నీ ఒకేచోట దొరకాలన్నదే దాని ఉద్దేశం. టీమ్ వచ్చేదాకా చూడక్కర్లేదు, మీరే పిల్లల డాక్టరు దగ్గర ఓపీ చీటీ తీసుకోవచ్చు.

మాట రాని పిల్లకి మొదట అడగాల్సింది వినికిడి పరీక్ష. వినపడని పిల్లని ‘బుద్ధి తక్కువ’ అనుకుని ఏళ్ళు గడిపేసిన ఇళ్ళు నేను చూశాను. బెరా అనే వినికిడి పరీక్ష పిల్ల నిద్రపోతుండగా చేస్తారు. అందుకే ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, ఆటోలో నిద్రపోకుండా చూసుకుని తీసుకెళ్ళండి. మేము మొదటిసారి నెల్లిమర్ల నుంచి విజయనగరం వెళ్ళేలోపు పాప ఆటోలోనే నిద్రపోయింది. అక్కడికెళ్ళాక ఇక నిద్ర పట్టలేదు, మళ్ళీ ఇంకో రోజు వెళ్ళాల్సి వచ్చింది. వినికిడి లోపమని తేలితే మాత్రం ఒక్క నెల కూడా ఆగకండి. మెషీన్ అయినా, ఆపరేషన్ అయినా ఎంత చిన్న వయసులో జరిగితే మాట అంత బాగా వస్తుంది.

ఇంకో సంగతి. పూర్తిగా నయం చేస్తామని పొడులు, నూనెలు, ఇంజెక్షన్లు అమ్మేవాళ్ళు మన దుఃఖాన్ని వాసన పట్టి వస్తారు. మేము ఒకచోట 18 వేలు పోశాం, నా చెవిదిద్దులు కుదువ పెట్టి మరీ. ఆ డబ్బుతో ఏడాది పాటు థెరపీకి ఆటో చార్జీలు వచ్చేవి. ప్రైవేటుగా థెరపిస్టు దగ్గరకో, స్పెషల్ టీచర్ దగ్గరకో వెళ్తే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నంబరు ఉందా అని అడగండి. స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ, మాటల థెరపిస్టుకీ ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి. అడిగితే కోప్పడేవాళ్ళ దగ్గర పిల్లని వదలకండి.

బడి, భవిత కేంద్రం

పాపకి ఐదేళ్ళప్పుడు ఒక ప్రైవేటు స్కూలుకి తీసుకెళ్ళాం. “మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతారు” అన్నారు. ఆ రోజు మా ఆయన గేటు దగ్గర నిలబడి ఏడ్చారు. నాకు అప్పటికి చట్టం తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టి మీకు చెప్తున్నాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. అది దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది ఎంచుకునే హక్కు కూడా వాళ్ళదే. మామూలు పిల్లలకి ఉచిత విద్య 14 ఏళ్ళ వరకే, మన పిల్లలకి నాలుగేళ్ళు ఎక్కువ. ఆ 40 శాతం కాగితం ఇంకా చేతికి రాలేదా? విద్యాహక్కు చట్టం ఎలాగూ ఉంది, సర్కారు బడి ఏ పిల్లనీ వద్దనకూడదు.

చేర్చిన రోజే హెడ్మాస్టరు గారిని ఇంకో పని అడగాలి. ఇది చాలామందికి తెలియదు. బడి వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లలని విడిగా నమోదు చేసే చోటు ఉంటుంది. అందులో మీ పిల్ల పేరు, వైకల్యం రకం పడాలి. అది పడకపోతే బడి లెక్కలో మీ పిల్ల మామూలు పిల్లే. అలవెన్సులు, పరికరాల క్యాంపు కబురు ఏవీ మీదాకా రావు. మా పాపకి ఒక ఏడాది అలాగే పోయింది.

ఇక భవిత కేంద్రం. మండలంలో ఏదో ఒక సర్కారు బడి ఆవరణలో ఇది నడుస్తుంది. ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) ఆఫీసులో చెప్తారు. సమగ్ర శిక్ష కింద పనిచేసే ఐఈఆర్‌పీలు, అంటే ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. వారానికో రోజు ఫిజియోథెరపిస్టు వస్తారు. ఆ రోజు ఏదో కనుక్కుని, ఎండైనా వానైనా మానకండి. రవాణా అలవెన్సు, వెంట వచ్చేవాళ్ళకి అలవెన్సు ఉంటాయి. ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున 10 నెలల స్టైపెండ్ విడిగా ఉంది. ఇవన్నీ ఖాతాలో పడతాయి కాబట్టి పిల్ల పేరుతో, మీ పేరు కలిపి బ్యాంకు ఖాతా ముందే తెరిచి ఆధార్ లింక్ చేయించండి. మంచం మీదే ఉండే పిల్లలైతే ఐఈఆర్‌పీ ఇంటికే వచ్చి నేర్పాలి. దాన్ని గృహాధారిత విద్య అంటారు. అడగకపోతే మీ ఇంట్లో అలాంటి పిల్ల ఉందని వాళ్ళకి తెలియకపోవచ్చు.

ఐఈఆర్‌పీ మేడమ్ మీ పిల్లకి ఐఈపీ, అంటే తన ఒక్కదాని కోసమే వేసే చదువు ప్రణాళిక, రాస్తారు. వచ్చే కొన్ని నెలల్లో ఏం నేర్పాలో అందులో ఉంటుంది. దాని కాపీ ఒకటి అడిగి తీసుకోండి, రాసేటప్పుడు పక్కన కూర్చోండి. మా మేడమ్ మొదట ‘1 నుంచి 10 అంకెలు’ అని రాశారు. “మేడమ్, నాకు ముందు పాప బాత్రూం వస్తోందని చెప్తే చాలు” అన్నాను. వెంటనే మార్చారు. ఆ ఒక్క మార్పు నా బతుకునే మార్చింది, ఎందుకంటే అది వచ్చాకే పాప బడిలో పూట మొత్తం కూర్చోగలిగింది.

ఇంట్లో నేర్పే పద్ధతి

వారంలో థెరపీ గంటో రెండు గంటలో. మిగతా సమయమంతా పిల్ల మన దగ్గరే. కాబట్టి అసలు బడి మన వంటింట్లోనే ఉంది.

మేడమ్ నాకు నేర్పిన కిటుకు ఇది: ఏ పనినైనా ముక్కలు చేసి, చివరి ముక్క ముందు నేర్పాలి. గౌను తొడుక్కోవడమే తీసుకోండి. తల దూర్చడం, ఒక చెయ్యి, రెండో చెయ్యి, కిందికి లాగడం. మొదటి మూడూ నేనే చేసేదాన్ని. చివరగా కిందికి లాగడం మాత్రం పాప చేసేది. చేయగానే చప్పట్లు. పని పూర్తి చేసింది తనే కాబట్టి ముఖం వెలిగిపోయేది. పది పన్నెండు రోజులకి అది వచ్చింది, అప్పుడు రెండో చెయ్యి కూడా తనకే వదిలాను. మొత్తం గౌను రావడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి ముక్క నుంచి మొదలుపెట్టి ఉంటే, ప్రతిసారీ సగంలో ఆగిపోయి ఏడ్చేది. చెప్పులు, పళ్ళు తోమడం, కంచం కడగడం అన్నీ ఇలాగే నేర్పాను.

మాట రాని పిల్లకి బొమ్మలు ఇవ్వండి. పెళ్ళి కార్డుల అట్టలు కోసి, వాటి మీద నీళ్ళ గ్లాసు, అన్నం కంచం, బాత్రూం తలుపు, అమ్మమ్మ ఇల్లు ఫోటోలు అంటించాను. మన ఇంటి గ్లాసు ఫోటోనే పెట్టాలి, పుస్తకంలోది కాదు. కావాల్సింది వేలితో చూపిస్తే ఆ మాట నేను పైకి చెప్పి, అది ఇచ్చేదాన్ని. బొమ్మలు అలవాటైతే మాట రాదని భయపడ్డాను. అలా జరగలేదు. ‘నీళ్ళు’ అన్న మాట ఆ అట్టముక్క చూపిస్తూనే మొదటిసారి అంది. కేకలు, తల బాదుకోవడం కూడా తగ్గాయి, కావాల్సింది చెప్పే దారి దొరికింది కదా.

డబ్బు నేర్పడానికి మా వీధి కొట్టు బాబాయిని బతిమాలాను. రోజూ సాయంత్రం పాప చేతికి 10 రూపాయల నోటు ఇచ్చి పంపేదాన్ని, ఒక బిస్కెట్ ప్యాకెట్ తేవాలి. ముందు నెల నేను పక్కనే, తర్వాత గుమ్మం దగ్గర నుంచి చూస్తూ. బాబాయి ఎప్పుడూ విసుక్కోలేదు. లెక్క ఇప్పటికీ రాదు, కానీ 10 నోటునీ 20 నోటునీ వేరు చేస్తుంది.

ఒకసారికి ఒకటే నేర్పండి. ఇంట్లో అందరూ ఒకేలా చెప్పాలి. నేను ‘కూర్చో’ అంటే, అత్తమ్మ ‘కూకో’ అంటే పాప తికమకపడేది. అందరం ‘కూకో’ మీదే నిలబడ్డాం.

సదరం రోజు

గ్రామ సచివాలయంలో ఆధార్ ఇచ్చి స్లాట్ బుక్ చేయించాలి. స్లాట్లు వదిలిన రోజు తొందరగా అయిపోతాయి, అందుకే సచివాలయంలో మీ ఫోన్ నంబరు ఇచ్చి, తెరిచిన రోజు కబురు పెట్టమని చెప్పి ఉంచండి. ఇప్పటిదాకా చూపించిన ఓపీ చీటీలు, పరీక్షల కాగితాలు తారీఖుల వరసలో ఒక ఫైల్‌లో పెట్టండి, అన్నీ రెండేసి జెరాక్సులు. అన్నం డబ్బా, నీళ్ళు, మారు బట్టలు, పిల్లకిష్టమైన ఆటవస్తువు తప్పనిసరి. గంటలకొద్దీ కూర్చోవాల్సి రావచ్చు.

బుద్ధి ఎదుగుదల విషయంలో డాక్టరు ఎక్కువగా మిమ్మల్నే అడుగుతారు. తనంతట తను తింటుందా, బాత్రూం చెప్తుందా, బట్టలు వేసుకుంటుందా, ఒక్కతే వీధి దాటుతుందా అని. ముందురోజు రాత్రే ఇవి రాసుకోండి. పరువు కోసం ‘అన్నీ చేస్తుందండి’ అనకండి, పింఛను కోసం ‘ఏమీ రాదు’ అని కూడా అనకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చిన్న పిల్లలకి తరచుగా తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద గడువు తేదీ చూసుకుని, దానికి మూడు నెలల ముందే మళ్ళీ స్లాట్ కోసం తిరగండి.

40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000. బుద్ధి ఎదుగుదల లోపం ఉన్నవాళ్ళకి, వెంట వెళ్ళేవాళ్ళకి కూడా రైలు టికెట్‌లో రాయితీ ఉంది, స్లీపర్‌లో 75 శాతం. మేము విశాఖ, సికింద్రాబాద్ వెళ్ళినప్పుడు అదే ఆదుకుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఈ పిల్లల కోసమే జాతీయ సంస్థ ఉంది. ఒక్కసారైనా అక్కడ పూర్తి పరీక్ష చేయించుకుంటే ఇంట్లో ఏం చేయాలో స్పష్టంగా రాసిస్తారు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధి ఎదుగుదల లోపం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. ఏటా రెన్యువల్ మర్చిపోతే పోతుంది. పిల్లకి 18 నిండాక బ్యాంకు సంతకాలు, ఆస్తి వ్యవహారాల కోసం గార్డియన్‌గా తల్లిదండ్రులు కూడా విడిగా నియామకం తీసుకోవాలి. కలెక్టరు గారి అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ అది ఇస్తుంది. మాకు ఇంకా ఆరేళ్ళుంది, కానీ ఆ కాగితాలకీ ఫైల్‌లో ఒక కవరు ఇప్పుడే పెట్టాను.

ఎక్కడైనా కాదు, కుదరదు అంటే గొడవపడకండి. “అదే మాట కాగితం మీద రాసివ్వండి” అని మెల్లగా అడగండి. నేను ఇలా అడిగిన రెండుసార్లూ పని అక్కడే అయిపోయింది. అవ్వకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ ఇచ్చి రసీదు తెచ్చుకోండి. విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ గారి ఆఫీసులో కూడా ఒక కాపీ ఇవ్వండి. అర్జీలో చట్టం పేరు, సెక్షన్ నంబరు, పిల్ల పేరు, తారీఖు, మీరు అడిగేది ఒకే ఒక్కటి. అరపేజీ దాటనివ్వకండి.

వీధి చివరి ఇంటి అమ్మాయి బాబుకి బెరా వచ్చే గురువారం. సదరం స్లాట్ ఇంకా దొరకలేదు. ఇద్దరం కలిసి అతన్ని రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టే బాధ్యత తీసుకున్నాం. పొద్దున్న ఆటోలో నిద్రపోకుండా ఆడించడానికి మా పాప కూడా వస్తానంటోంది.