అమెరికా పేటెంట్ మెయింటెనెన్స్ ఫీజు తక్కువ కట్టేశారా?

పేటెంటును పెద్ద కంపెనీకి లైసెన్స్ ఇచ్చాక స్మాల్ ఎంటిటీ రేటు (చిన్న సంస్థలకు, వ్యక్తులకు ఇచ్చే రాయితీ రేటు) వర్తించదు. అయినా పేటెంటు అమల్లో ఉండేందుకు కట్టే మూడున్నరేళ్ల మెయింటెనెన్స్ ఫీజు గడువు వచ్చినప్పుడు పాత అలవాటున ఆ రేటే కట్టేస్తుంటారు. మోసం చేసే ఉద్దేశం లేకపోతే యూఎస్‌పీటీఓ (అమెరికా పేటెంట్ కార్యాలయం) నియమం 1.28(సి) కింద సరిదిద్దుకోవచ్చు. ఒక్కో పేటెంటుకూ విడి పత్రం పెట్టండి, రెండు పేటెంట్లవి కలపొద్దు. అది ఏ ఫీజు, ఎప్పుడు ఎంత కట్టారు, ఇంకా ఎంత బాకీ, మొత్తం ఎంత అన్నవి అందులో విడివిడిగా రాయాలి. చాలామంది లెక్క తప్పేది బాకీ దగ్గరే. అప్పటి పూర్తి రేటులోంచి కాదు, ఇప్పుడు బాకీ కట్టే రోజున అమల్లో ఉన్న పూర్తి రేటులోంచి మీరు అప్పట్లో కట్టింది తీసేయాలి. ఫీజులు పెరిగి ఉంటే ఆ తేడా కూడా మీదే, కాబట్టి ఆలస్యం చేయకండి. పేటెంట్ నంబరుతోపాటు దరఖాస్తు నంబరు కూడా తప్పక రాయండి.