మే నెలలో బోరు చూడకుండా కార్ వాష్‌కి స్థలం తీసుకోవద్దు

సింగరాయకొండ వైపు ఒక వాటర్ సర్వీసింగ్ సెంటర్ ఈ వేసవిలో మూతపడింది. ర్యాంపు కట్టి, షెడ్డు వేసి, ప్రెషర్ పంపు, కంప్రెసర్ కొని, ఏడాది తిరక్కముందే సామానంతా అమ్మేసుకున్నారు. పంపులు రిపేరు చేయడం నా పని కాబట్టి చివరి రోజుల్లో నన్నే పిలిచారు. విప్పి చూస్తే వాల్వుల చుట్టూ తెల్లగా పెచ్చు కట్టి ఉంది. గోరుతో గీరితే రాలేదు, స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే చిన్న చిన్న పలుకులుగా ఊడింది. అది బోరు నీళ్లలోని సున్నం.

వాళ్లు ఆ స్థలం చూసింది డిసెంబర్‌లో. అప్పుడు బోరు నిండా నీళ్లు, అవి కూడా తియ్యగానే ఉన్నాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఉప్పు తేలింది. నల్ల కారు కడిగి ఎండలో పెడితే బానెట్ మీద చుక్క చుక్కకీ తెల్ల మచ్చ. కస్టమర్లతో రోజూ గొడవ. ట్యాంకర్లు తెప్పించుకుంటే, కార్లు కడిగి సంపాదించింది నీళ్లకే పోయింది.

దసరా నుంచి సంక్రాంతి దాకా మన దగ్గర కొత్త సెంటర్లు తెరిచే కాలం. ఇప్పటికే నెల్లూరు మినీ బైపాస్ మీద, ఒంగోలు కర్నూలు రోడ్డులో స్థలాలు వెతికేవాళ్లు తిరుగుతున్నారు. రోడ్డు మీద కార్లు ఎన్ని పోతున్నాయి, అద్దె ఎంత, పక్కన పోటీ ఉందా లేదా అన్నవి ఎవరైనా చూస్తారు. వాటి గురించి నేను చెప్పక్కర్లేదు.

ముందు బోరు

మన నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద వానలు పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. నైరుతి వానలు మనకు అంతంత మాత్రమే. అందుకే డిసెంబర్, జనవరిలో ఏ బోరు చూసినా బాగానే ఉంటుంది. అక్కడి నుంచి దిగుతూ దిగుతూ పోతుంది. జూన్‌లో వానలు మొదలవగానే నీళ్లు వస్తాయనుకోవడం గోదావరి జిల్లాల వాళ్లకు చెల్లుతుంది, మనకు చెల్లదు. ఇక్కడ కరువు సెప్టెంబర్ దాకా సాగుతుంది. స్థలాలు చూసే కాలం, బోర్లు బాగుండే కాలం ఒకటే కావడంతో జనం మోసపోతున్నారు. ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. యజమాని మోటారు వేసి చూపిస్తాడు, నీళ్లు ధారగా పడతాయి, మీరు అడ్వాన్స్ ఇచ్చేస్తారు.

అందుకే చెబుతున్నా, మే నెలలో ఆ బోరు ఎలా ఉందో తెలియకుండా అగ్రిమెంట్ మీద సంతకం పెట్టొద్దు.

ప్రెషర్ గన్‌తో కడిగినా ఒక కారుకు సుమారు 150 నుంచి 200 లీటర్లు పడుతుంది. రోజుకు 20 కార్లంటే 3,000 నుంచి 4,000 లీటర్లు. మ్యాట్లు, ర్యాంపు కడుగుడు, బైకులు వేరే. 5,000 లీటర్ల ట్యాంకర్ రోజుకొకటి కొని ఈ వ్యాపారం నిలబెట్టినవాళ్లను నేను చూడలేదు.

మే దాకా ఆగలేమంటారా? అయితే కనీసం ఇవి చేయండి. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. మోటారు నాలుగు గంటలు ఆపకుండా నడిపి మళ్లీ అదే డ్రమ్ము పట్టండి. రెండోసారి బాగా ఆలస్యమైందంటే ఆ బోరు ఊట తక్కువ. నీళ్లు బాటిల్లో పట్టి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో, పరీక్ష చేయించండి. తాగే నీళ్లకు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. కారు కడగడానికి తాగే నీళ్లు అక్కర్లేదు కానీ, డిసెంబర్‌లోనే 1,000 దాటిన బోరు ఏప్రిల్‌లో ఎక్కడికి పోతుందో ఆలోచించండి. మీటరు లేకపోతే నల్ల టైలు మీద నాలుగు చుక్కలు వేసి మధ్యాహ్నం ఎండలో ఆరనివ్వండి. ఆరాక తెల్ల వలయం కనిపిస్తే, రేపు కస్టమర్ అద్దం మీద కనిపించేది అదే.

ఆ తర్వాత చుట్టుపక్కల అడగండి. యజమానిని అడిగితే లాభం లేదు. దగ్గర్లో మినరల్ వాటర్ ప్లాంటు ఉంటే అక్కడికి వెళ్లి, శుద్ధి చేయకముందు నీళ్ల టీడీఎస్ ఎంత, ఏ నెలలో ట్యాంకర్లు కొంటారో అడగండి. టీ కొట్టు ఆవిడ కూడా సరిగ్గా చెబుతుంది, బిందె మోసేది ఆవిడే కాబట్టి. భూగర్భ జల శాఖ వాళ్ల దగ్గర నెలనెలా నీటి మట్టాల లెక్కలు ఉంటాయి, నెల్లూరులోనో ఒంగోలులోనో ఆఫీసుకు వెళ్లి ఆ మండలం లెక్క అడగండి. సముద్రం వైపు, రొయ్యల చెరువుల వైపు అయితే ఉప్పు భయం. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు అయితే నీళ్లు లోతుకు పోతాయి, ఫ్లోరైడ్ కూడా ఎక్కువ.

కొత్త బోరు వేసుకుంటాంలే అనుకోవద్దు. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం అనుమతి కావాలి, మంచినీటి పథకం బోరుకు 250 మీటర్ల లోపల వేయనివ్వరు. అనుమతి వచ్చినా నీళ్లు పడతాయన్న హామీ ఎవరూ ఇవ్వరు.

వాన కాలంలో అదే స్థలం

2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరు వీధులు మునిగాయి. అలాంటి రోజున మీ మోటారు, స్విచ్ బోర్డు ఎంత ఎత్తులో ఉంటాయి? పక్క గోడల మీద పాత నీటి గుర్తు ఉందేమో చూడండి. రోడ్డు మీద తారు మీద తారు వేసి ఎత్తు పెంచుతూ పోతారు, స్థలం మాత్రం కిందే ఉండిపోతుంది. రోడ్డుకన్నా పల్లంలో ఉన్న స్థలం అద్దె తక్కువని తీసుకుంటే, మీరు కడిగిన నీళ్లు కూడా బయటికి పోవు. మట్టి, నూనె కలిసిన నీళ్లు మురిక్కాలవలోకి వదిలితే పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు, చేయడం న్యాయమే. మట్టి దిగడానికి, నూనె తేలడానికి మూడు అరల గుంత కట్టాలి. దానికి చోటు ఉందో లేదో ముందే కొలవండి.

రోడ్డు

రద్దీ చూసి మురిసిపోవద్దు. చీమకుర్తి గ్రానైట్ లారీలు, కృష్ణపట్నం పోర్టు లారీలు పోయే రోడ్డులో బండ్లు కనిపిస్తాయి, ఆగే కార్లు తక్కువ. పైగా కడిగిన కారు గేటు దాటేలోపు దుమ్ము పడుతుంది. డివైడర్‌కు గ్యాప్ ఎక్కడుందో చూడండి. కిలోమీటరు ముందుకెళ్లి తిరిగి రావాలంటే ఎవరూ రారు. జాతీయ రహదారి పక్కనైతే స్థలంలోకి దారి పెట్టుకోవడానికి హైవే అధికారుల అనుమతి ఉండాలి. ఆ కాగితం చూపించమనండి.

ఇక మిగతావి, వరసగా చెప్పేస్తున్నా.

వ్యవసాయ మోటారు కనెక్షన్ మీద కార్లు కడగొద్దు.

పక్కింటి మీటరు నుంచి వైరు లాక్కోవద్దు. కమర్షియల్ త్రీ ఫేజ్ వస్తుందా అని ముందే కరెంటు ఆఫీసులో అడగండి.

ఎర్తింగ్ లేని చోట, 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టనివ్వని చోట ఒక్క రోజు కూడా పని చేయించొద్దు. తడి కాళ్లతో గన్ పట్టుకునే కుర్రాడి ప్రాణం అది.

షెడ్డు మీదుగా హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు లైను పోతుంటే వదిలేయండి.

నల్లరేగడి నేలైతే ర్యాంపు పునాది లోతుగా తీయాలి, పైపైన కడితే పగుళ్లిస్తుంది.

ఆసుపత్రి, బడి గోడ పక్కన వద్దు. కంప్రెసర్ శబ్దానికి నెలలోపే ఆపిస్తారు.

ట్రేడ్ లైసెన్స్, పొల్యూషన్ బోర్డు అనుమతి సంగతి అడగకుండా ఇటుక దించొద్దు.

మేలో బోరు ఎలా ఉంటుందో తేల్చుకోకుండా సంతకం వద్దు. టోకెన్ అడ్వాన్స్ కూడా వద్దు. "బాబాయ్ గారి స్థలమే కదా, నీళ్ల సంగతి ఆయన చూసుకుంటారు" అని అస్సలు అనుకోవద్దు.

బోరు ఎండినా ఉప్పు తేలినా అద్దె తగ్గించాలని, లేదా అడ్వాన్స్ తిరిగివ్వాలని అగ్రిమెంట్‌లో రాయించండి. యజమాని రాయనంటే ఆ బోరు సంగతి ఆయనకు తెలుసన్నమాట.

11 నెలల కాగితం మీద లక్షలు పోసి ర్యాంపు కట్టొద్దు. ఎక్కువ ఏళ్లకు లీజు రాయించుకుని రిజిస్టర్ చేయించండి.

స్థలం అన్నదమ్ముల ఉమ్మడిదైతే అందరి సంతకాలూ ఉండాలి. ఒకాయన గల్ఫ్‌లో ఉన్నాడు, తర్వాత పెడతాడు అంటే, ఆయన పెట్టేదాకా షెడ్డు స్తంభానికి గుంత తీయొద్దు.