బడి గోడ మీద దేవుళ్లు: కొత్త హెచ్‌ఎంలకు ఒక పాత హెచ్‌ఎం చెప్పేది

మొన్న జూన్‌లో నా దగ్గర పని చేసిన సోషల్ టీచర్ ఒకామెకి ప్రమోషన్ వచ్చింది. నాగావళి అవతల ఒక ఊరి హైస్కూలుకి హెచ్‌ఎంగా వెళ్లింది. చేరిన మూడో రోజే ఫోన్. "మేడమ్, గేటు లోపల సరస్వతీదేవి విగ్రహం పెడతామంటున్నారు ఊళ్లోవాళ్లు. దాత కూడా దొరికాడంట. వద్దంటే ఏమవుతుంది, సరేనంటే ఏమవుతుంది?" నేను శ్రీకాకుళం జిల్లాలో మూడు సర్కారు హైస్కూళ్లలో హెచ్‌ఎంగా చేసి రిటైరయ్యాను. ఆ మూడు చోట్లా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వచ్చింది. ఆమెకి ఫోన్లో చెప్పినదాన్నే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను నాస్తికురాలిని కాను. ఆదివారం ఆదివారం అరసవల్లి వెళ్లే మనిషిని. అది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టగానే మిమ్మల్ని ఊళ్లో అడిగే మొదటి మాట అదే.

ముందు ఒక నోటు పుస్తకం పట్టుకుని బడంతా ఒకసారి తిరగండి. ఎవరికీ ఏమీ చెప్పొద్దు. గోడ మీద, తలుపు మీద, బీరువా మీద దేవుడికి సంబంధించినది ఏముందో రాసుకోండి. మీరనుకున్నదాని కంటే ఎక్కువే ఉంటాయి. నా రెండో బడిలో పదకొండు క్యాలెండర్లు తేలాయి. బంగారం కొట్టువాళ్లది, ఎరువుల కొట్టువాళ్లది, చిట్టీల కంపెనీది. ఏడింటి మీద వెంకటేశ్వరస్వామి, రెండింటి మీద లక్ష్మి, ఒకదాని మీద శివుడు, ఒకదాని మీద గొర్రెపిల్లని ఎత్తుకున్న ఏసు. ఆ చివరిది మధ్యాహ్న భోజనం వండే షెడ్డులో ఉంది. వీటిలో ఒక్కటీ ఎవరూ భక్తితో నిర్ణయించి పెట్టింది కాదు. జనవరిలో ఉచితంగా వచ్చాయి, మేకు ఖాళీగా ఉంది, తగిలించేశారు.

పన్నెండోది నాది. నా కుర్చీ వెనక గోడకి అరసవల్లి సూర్యనారాయణమూర్తి పటం, చేరిన రోజు నేనే తెచ్చి కట్టుకున్నది. దాన్ని లెక్కలో రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒకరోజు టీసీ కోసం ఒక పిల్ల తల్లి వచ్చింది. చర్చికి వెళ్లే కుటుంబం. సంతకం పెట్టమంటే పెట్టింది గానీ, అంతసేపూ నా మొహం చూడలేదు, నా తల మీదుగా ఆ పటాన్నే చూస్తూ ఉంది. ఏమీ అనలేదు. అయినా నాకు అర్థమైంది. ఆ పటం నాది అని ఆమెకి తెలీదు. ఆఫీసుది అనుకుంది. అనుకోవడం తప్పు కూడా కాదు, కుర్చీ వెనక గోడ నాది కాదు, కుర్చీది. ఆ సాయంత్రమే పటం ఇంటికి పట్టుకెళ్లాను. చిన్న ఫోటో ఒకటి పర్సులో పెట్టుకున్నాను, అది నా ఇష్టం. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం పని అయినట్టే. మనిషి ఒంటి మీద ఉన్నది మనిషిది, గోడ మీద ఉన్నది సర్కారుది.

చట్టం ఎంతవరకు తెలియాలి అంటే, రాజ్యాంగంలో మూడు అధికరణాలు చాలు. 25వది ఎవరి నమ్మకం వాళ్లు పెట్టుకోవచ్చు, ఆచరించవచ్చు, ప్రచారం చేసుకోవచ్చు అంటుంది. 27వది ఒక ఫలానా మతం పెంచడానికని కేటాయించే పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదంటుంది. మనకి అసలైనది 28. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ఎయిడెడ్ బడైనా, సర్కారు గుర్తింపు ఉన్న ప్రైవేటు బడైనా, ప్రార్థనకి రమ్మని పిల్లల్ని బలవంతపెట్టకూడదు, తల్లిదండ్రులు ఒప్పుకుంటే తప్ప. మతాల గురించి పాఠం చెప్పడం వేరే సంగతి. దానికి అడ్డు లేదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. కాబట్టి సోషల్ పాఠంలో బుద్ధుడొస్తే భయపడక్కర్లేదు, బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండకి విహారయాత్ర కూడా తీసుకెళ్లొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "కోర్టు పటాలు తీసేయమంది" అని ఎవరితోనూ అనొద్దు. మన కోర్టులు ఈ విషయంలో అంత కచ్చితంగా లేవు. గుజరాత్ హైకోర్టు కొత్త భవనానికి భూమిపూజ చేశారని ఒకాయన కేసు వేస్తే, 2011లో దాన్ని కొట్టేసి, ఆయన మీదే 20,000 రూపాయలు ఖర్చుల కింద వేశారు. పైగా మన సర్కారుకీ మతానికీ మధ్య గోడేమీ లేదు. 1987 నాటి చట్టంతో దేవాదాయ శాఖే గుళ్లు చూస్తోంది. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఊరేగితే సర్కారు తరఫున పట్టు వస్త్రాలు వెళ్తాయి. ఇదంతా తెలిసిన ఊరివాళ్ల ముందు మీరు పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెబితే నవ్వుతారు. బడి సంగతి మాత్రమే మాట్లాడండి. బడికి 28 ఉంది, గుడికి లేదు. అంతే.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, వాడి ద్వారా ఒక సంగతి తెలిసింది. అది నాకు చాలా పనికొచ్చింది. కెంటకీ రాష్ట్రంలో బడి గదుల్లో బైబిల్లోని పది ఆజ్ఞలు అతికించాలని చట్టం చేశారు. కాగితాలకి, అచ్చుకి డబ్బు విరాళాలే, ప్రభుత్వానిది పైసా లేదు. అయినా అక్కడి సుప్రీంకోర్టు 1980లో చెల్లదంది. 1984లో శాండ్రా డే ఓ కానర్ అనే జడ్జిగారు ఇంకో కేసులో ఒక ప్రశ్న వేశారు: సర్కారు ఒక మత చిహ్నాన్ని తలకెత్తుకుంటే, ఆ మతం కానివాళ్లకి "మీరు బయటివాళ్లు" అని చెప్పినట్టు కాదా? ఆ పరీక్షని అక్కడి కోర్టే 2022లో పక్కన పెట్టేసింది. అదీగాక అది మన చట్టం కాదు. కానీ ఆ ప్రశ్న మాత్రం నేను దాచుకున్నాను. ఆ టీసీ కోసం వచ్చిన తల్లి మొహంలో నేను చూసింది అదే కదా.

సరే, తీయడం ఎలా? చేరిన వారం తీయొద్దు. ఊరు రెండుగా చీలిపోతుంది, మీరు ఆ టెన్షన్‌తోనే ఏడాదంతా గడుపుతారు. సున్నం వేసేదాకా ఆగండి. రంగులు వేసేటప్పుడు అన్నీ దిగుతాయి, ఎవరూ ఎందుకని అడగరు. మళ్లీ ఎక్కేటప్పుడు ఏవి ఎక్కుతాయో మీరు చూసుకుంటే చాలు. గాంధీ, అంబేడ్కర్, సావిత్రీబాయి, జిల్లా పటం, ఎక్కాలు, రాజ్యాంగ పీఠిక. పీఠిక పెద్ద అక్షరాల్లో రాయించండి, అందులో "లౌకిక" అన్న మాట 1976లో చేరిందని తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పండి. ఎవరి పటం వాళ్లకి మర్యాదగా ఇచ్చేయండి, చెత్తబుట్టలో పడేయొద్దు. అటెండరు చేత కాకుండా మీరే ఇవ్వండి. నేను ఏసు క్యాలెండరు వంటమ్మకి ఇస్తూ "మీ ఇంట్లో పెట్టుకోమ్మా" అంటే, "వెంకన్నబాబుది కూడా దించేసినారా మేడమ్?" అని అడిగింది. దించేశామన్నాను. "అయితే సరే" అని పట్టుకెళ్లింది. మీ పని సాగాలంటే ఆ "అయితే సరే" కావాలి. ఒక మతం బొమ్మ మాత్రమే దించితే అది దించడం కాదు, పక్షం పట్టడం.

దాత సంగతి దీని కంటే కష్టం, ఎందుకంటే అతను మంచివాడు. మా ఊరి పెద్దాయన ఒకరు ఇలాగే విగ్రహం ఇస్తానని వచ్చారు. "సదువులమ్మ దేవతేటి టీచరమ్మా, సదువే గదా! డబ్బులు నానిస్తన్నాను, గవర్నమెంటుది ఒక్క పైసా అక్కర్లేదు" అన్నారు. "బాబాయిగారూ, డబ్బు మీదే. నేల ఎవరిది?" అన్నాను. ఆయన చాలాసేపు మీసం సవరించుకున్నారు. ఇలాంటప్పుడు మీరు చేయాల్సినవి రెండు. ఒకటి, నోటిమాటతో తేల్చేయకండి. "రాసి ఇవ్వండి, కమిటీలో పెడతాను" అనండి. పాఠశాల కమిటీ సమావేశంలో మినిట్స్ పుస్తకంలో రాయించండి, 28వ అధికరణం నంబరు వేసి. అప్పుడు వద్దన్నది మీరొక్కరే కారు. రెండు, కాదన్న నోటితోనే ఇంకోటి అడగండి. మంచినీళ్ల ఫిల్టరు, సైకిల్ షెడ్డు, లైబ్రరీ బీరువా, దాని మీద ఆయన తల్లిగారి పేరు. నేను బీరువా అడిగాను. ఆయన ఇవ్వలేదు. విగ్రహం రామాలయం అరుగు మీద పెట్టించి, ప్రారంభానికి నన్ను పిలిచారు. వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాను, హెచ్‌ఎంగా కాదు, ఆ వీధిలో అద్దెకున్న మనిషిగా. పిల్లలు పరీక్షల ముందు అక్కడికెళ్లి దండం పెట్టుకునేవాళ్లు.

ఎవరైనా "సరే, బడి బయట రోడ్డు మీద పెడతాం" అంటే, రోడ్ల మీద, పార్కుల్లో అనుమతి లేని ప్రార్థనా కట్టడాలు కొత్తగా రానివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఇచ్చిన ఉత్తర్వు ఉంది. అది ఏ మతానికైనా వర్తిస్తుంది. ఆ మాట మీరు చెప్పి గొడవ పెట్టుకోకండి, పంచాయతీ కార్యదర్శికి వదిలేయండి.

ఉదయం అసెంబ్లీలో శ్లోకాలు, కీర్తనలు పెట్టకండి. ప్రతిజ్ఞ ఉంది కదా. అది పుట్టింది మన పక్కనే. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథంగారి ద్వారా అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజుగారికి, అంటే మన విజయనగరం పూసపాటివారికి, చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదువుతోంది. అందులో ఏ దేవుడి పేరూ లేదు, చదివి చూసుకోండి. ఒకవేళ ఏ పిల్లాడైనా మా నమ్మకం ఒప్పదని జాతీయగీతం పాడకుండా నిలబడితే కొట్టకండి, టీసీ ఇవ్వకండి. కేరళలో ముగ్గురు పిల్లల్ని ఇలాగే బడి నుంచి పంపేస్తే, మర్యాదగా నిలబడ్డారు, అది చాలు అని 1986లో సుప్రీంకోర్టు వాళ్లని వెనక్కి తీసుకోమంది.

నేను ఓడిపోయింది హాల్ టికెట్ల పూజ దగ్గర. మార్చిలో పదో తరగతి పిల్లల దగ్గర తలా ఇరవై రూపాయలు పోగుచేసి, సరస్వతి పటం పెట్టి, హాల్ టికెట్లకీ పెన్నులకీ కుంకుమ పెట్టి పంచడం నేను పనిచేసిన ఒక బడిలో ఆనవాయితీ. మొదటి ఏడు నేనూ కూర్చున్నాను. మధ్యలో చూస్తే ఒక పిల్ల వరండాలో చెప్పుల పక్కన కూర్చుని ఉంది, పూజ అయ్యాక తన హాల్ టికెట్ ఇస్తారని. ఇరవై రూపాయలు తనూ ఇచ్చింది. రెండో ఏడు హాల్ టికెట్లు నా టేబుల్ దగ్గరే, రోల్ నంబరు వరసలో, ఒక్కొక్కరికీ ఇచ్చేశాను. బడిలో చందా లేదన్నాను. పూజ కావాలనుకున్నవాళ్లు సాయంత్రం బడి అయ్యాక గుడికి వెళ్లొచ్చు, టీచర్లు కూడా. స్టాఫులో సగం మంది వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఒక తండ్రి వచ్చి "రిజల్టు పడిపోతే మీదే బాధ్యత" అన్నాడు. ఆ ఏడు పాసు శాతం పెరగలేదు, తగ్గలేదు. దేవుడు కూడా లౌకికంగానే ఉన్నాడు. మూడో ఏడు నేను సెలవులో ఉండగా మళ్లీ పూజ జరిగింది. కాకపోతే ఈసారి హాల్ టికెట్లు ముందే ఇచ్చేసి ఉన్నాయి, వరండాలో ఎవరూ కూర్చోలేదు. దాన్నే నేను గెలుపు కింద రాసుకున్నాను.

పిల్లల ఒంటి జోలికి మాత్రం వెళ్లకండి. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని నల్ల బట్టల్లో వచ్చిన పిల్లాడిని రానిస్తే, మెడలో శిలువ ఉన్న పిల్లనీ, తలకి గుడ్డ కట్టుకున్న పిల్లనీ అదే మాటతో రానివ్వాలి. "బొట్టేదే?" అని అడిగే టీచరు ప్రతి బడిలోనూ ఒకరుంటారు. ప్రేమతోనే అడుగుతారు. పక్కకి పిలిచి ఒక్కసారి చెప్పండి, స్టాఫ్ మీటింగులో చెప్పకండి.

మీ బడి కాకుండా వేరే ఆఫీసులో సర్కారు డబ్బుతో ఏదో జరిగిందని అనుమానమైతే, పోట్లాడేకంటే సమాచార హక్కు దరఖాస్తు మేలు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. "ఎందుకు చేశారు" అని అడగకండి, దానికి జవాబు రాదు. "ఫలానా తేదీన జరిగిన కార్యక్రమానికి ఏ పద్దు నుంచి ఎంత ఖర్చు పెట్టారు, మంజూరు ఉత్తర్వు నకలు ఇవ్వండి" అని రాయండి. 30 రోజులు చూడండి. రాకపోతే ఆ ఆఫీసులోనే పై అధికారికి మొదటి అప్పీలు.

ఇక చివరిది, నేను మర్చిపోయి చేసిన తప్పు. రిటైరయిన నెలకి పెన్షన్ కాగితాల కోసం నేను చివర పనిచేసిన బడికి వెళ్లాను. నా కుర్చీలో కొత్త హెచ్‌ఎం, ఆయన తల మీద కొత్త పటం. ఎవరు పెట్టారండీ అంటే, "ఏమో మేడమ్, మేకు ఖాళీగా ఉందని ఎవరో తగిలించారు" అన్నారు. సున్నం వేసేటప్పుడు పటం దించి ఊరుకోకండి. మేకు కూడా పీకించి, ఆ కన్నం పూడ్పించండి.